శ్రీలంక: యుద్ధం ముగిసినా తేలని మూడు లెక్కలు

ఉత్తర, తూర్పు శ్రీలంకలోని తమిళ గ్రామాల్లో ఏటా మే నెల రెండో వారం రాగానే కూడళ్ల వద్ద, ఆలయాల ముంగిట పెద్ద పెద్ద పాత్రల్లో గంజి కాస్తారు. బియ్యం, నీరు, ఉప్పు తప్ప అందులో చెప్పుకోదగినది మరేమీ ఉండదు. 2009లో యుద్ధం చివరి వారాల్లో ముల్లివాయ్‌క్కాల్ వద్ద సముద్రానికీ మడుగుకూ నడుమ ఇరుకైన ఇసుక నేలపై చిక్కుకుపోయిన వేలాది కుటుంబాల ప్రాణాలు నిలిపింది ఆ గంజే. నాడు మరణించినవారిని తలచుకుంటూ దారిన పోయేవారికి కొబ్బరి చిప్పల్లో దానిని పోస్తారు. 2024 మే నెలలో ట్రింకోమలీ జిల్లా సంపూర్‌లో ఈ విధంగా గంజి పంచినందుకు పోలీసులు కొందరు మహిళలను అరెస్టు చేశారు. యుద్ధం ముగిసి అప్పటికి సరిగ్గా పదిహేనేళ్లు.

గంజి పోయడం శాంతిభద్రతల సమస్యగా కనిపించిన దేశం యుద్ధం నుంచి ఎంతవరకు కోలుకున్నట్లు? ఈ ప్రశ్నకు కొలంబోలోని పాలకులు సాధారణంగా రోడ్లు, రైళ్లు, వంతెనల లెక్కలతో జవాబిస్తారు. ఆ లెక్కలు అబద్ధం కావు. అయితే ఉత్తరాది ప్రజలు తమ జీవితాన్ని కొలుచుకునే లెక్కలు మూడు ఉన్నాయి. సైన్యం స్వాధీనం చేసుకున్న భూమి ఎంత తిరిగి వచ్చింది? కనిపించకుండా పోయినవారు ఏమయ్యారు? చనిపోయినవారిని బహిరంగంగా తలచుకునే స్వేచ్ఛ ఉన్నదా? ఈ మూడింటికీ భారీ విదేశీ రుణాలు అవసరం లేదు. అవసరమైనది రాజకీయ సంకల్పం. ఇన్నేళ్లలో కొరవడినదీ అదే.

వైరం పెరిగిన తీరు

శ్రీలంక జాతుల సంఘర్షణకు మూలాలు 1948లో స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే ఉన్నాయి. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన చట్టం తమిళులకు ప్రభుత్వోద్యోగాల తలుపులు మూసింది. 1972 రాజ్యాంగం బౌద్ధమతానికి అగ్రస్థానం కల్పించగా, 1978 రాజ్యాంగం దానిని కొనసాగించింది. 1981లో జాఫ్నా ప్రజా గ్రంథాలయాన్ని తగులబెట్టినప్పుడు దాదాపు 97 వేల గ్రంథాలు, తాళపత్ర ప్రతులు బూడిదయ్యాయి. 1983 జూలైలో జాఫ్నా సమీపాన 13 మంది సైనికులను పులులు హతమార్చిన మీదట కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలపై సాగిన దాడులతో అంతర్యుద్ధం పూర్తిస్థాయికి చేరుకున్నది.

1987 జూలై 29న రాజీవ్‌గాంధీ, జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందం మేరకు భారత శాంతి పరిరక్షక దళం ద్వీపానికి వెళ్లింది. శాంతిని కాపాడేందుకు వెళ్లిన దళం పులులతోనే పోరాడవలసి వచ్చి, దాదాపు 1,200 మంది సైనికులను పోగొట్టుకుని 1990 మార్చిలో వెనుదిరిగింది. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌గాంధీ హత్య జరిగింది.

పులులు తమిళుల పక్షాన నిలిచినట్లు చెప్పుకున్నా వారి తుపాకి తమిళులనూ వదలలేదు. ప్రత్యర్థి తమిళ నాయకులను హతమార్చారు. పిల్లలను బలవంతంగా దళాల్లో చేర్చుకున్నారు. 1990 ఆగస్టులో కట్టాన్‌కుడి మసీదుల్లో ప్రార్థనలో ఉన్న వందమందికి పైగా ముస్లింలను కాల్చిచంపారు. ఆ ఏడాది అక్టోబరులో ఉత్తరాది నుంచి సుమారు 70 వేల మంది ముస్లింలను కొద్ది గంటల, కొద్ది రోజుల వ్యవధిలోనే వెళ్లగొట్టారు. ఆ కుటుంబాల్లో అనేకం పుత్తళం ప్రాంతంలో ఏళ్ల తరబడి కాందిశీకులుగానే జీవించాయి. లంక యుద్ధం ఇద్దరి మధ్య జరిగిన తగవు మాత్రమేనని భావించేవారు సాధారణంగా మరచిపోయే ప్రజలు వీరు.

2009 మే నెలలో ప్రభాకరన్ మరణంతో 26 ఏళ్ల యుద్ధం ముగిసింది. పౌరులకు హాని లేకుండా విజయం సాధించామని నాటి రాజపక్స ప్రభుత్వం చెప్పుకున్నది. చివరి దశలో 40 వేల మంది వరకు పౌరులు మరణించి ఉండవచ్చునని ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం 2011లో పేర్కొన్నది. కాల్పులు జరగని ప్రాంతంగా సైన్యం ప్రకటించిన చోట ఫిరంగి గుండ్లు పడ్డాయనీ, తప్పించుకోజూసిన పౌరులను పులులు కాల్చారనీ ఆ బృందమే వెల్లడించింది. ఈ రెండు అభియోగాలపైనా విశ్వసనీయమైన విచారణ దేశంలో ఇంతవరకు జరగలేదు.

రైలు వచ్చింది, భూమి రాలేదు

యుద్ధం ముగిసిన వెనువెంటనే దాదాపు మూడు లక్షల మందిని వవునియా పరిసరాల్లోని శిబిరాల్లో ఉంచారు. వాటిలో అతి పెద్దదైన మానిక్ ఫాం 2012 సెప్టెంబరులో మూతపడింది. భారత సహాయంతో ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో వేల సంఖ్యలో ఇళ్లు నిర్మించారు. భారత రుణంతో ఇర్కాన్ సంస్థ రైలుమార్గాన్ని పునరుద్ధరించగా, 2014 అక్టోబరులో యాళ్‌దేవి రైలు 24 ఏళ్ల అనంతరం జాఫ్నా స్టేషన్‌కు చేరుకున్నది. 2019లో పలాలీ నుంచి విమాన సర్వీసులు, 2023లో నాగపట్నం, కాంకేశన్‌తురై మధ్య నౌకా సర్వీసు ప్రారంభమయ్యాయి. 2017 డిసెంబరులో శ్రీలంక మందుపాతరల నిషేధ ఒడంబడికలో చేరింది. పాతిన మందుపాతరలను చేతి పరికరాలతో అంగుళం అంగుళం వెదికి తీసే పనిలో యుద్ధంలో భర్తలను కోల్పోయిన మహిళలు కూడా ఉన్నారు.

ఇవన్నీ కాదనరాని ప్రగతి చిహ్నాలే. అయితే రైలు దిగిన మనిషి తన సొంత గుమ్మం వరకు వెళ్లగలిగాడా అన్నది వేరే ప్రశ్న. జాఫ్నా ద్వీపకల్పంలోని వలికామం ఉత్తర ప్రాంతంలో అధిక భద్రతా మండలం పేరిట వేల ఎకరాలను సైన్యం దశాబ్దాల పాటు ఆక్రమించింది. 2009 తరువాత విడతలవారీగా చాలా భూమిని విడిచిపెట్టినా, మంచి నీటి బావులు, సారవంతమైన ఎర్ర నేలలు ఉన్న భాగాలు కొన్ని కంచె లోపలే ఉండిపోయాయి. ముల్లైత్తీవు జిల్లా కేప్పాపులవులో తమ ఇళ్లు సైనిక శిబిరంగా మారిన కుటుంబాలు 2017లో ఆ శిబిరం ద్వారం ఎదుటే గుడారాలు వేసుకుని నెలల తరబడి బైఠాయించాయి. వారికి కొంత భూమి తిరిగి దక్కింది, కొంత దక్కలేదు.

శత్రువు లేని కాలంలో ఇంత సైన్యం ఏమి చేస్తున్నది? హోటళ్లు, వ్యవసాయ క్షేత్రాలు, కూరగాయల అమ్మకం కూడా దాని కార్యకలాపాల్లో చేరాయి. తమ పొలంలో పండిన కూరగాయలు తమ సంతలోనే తమకన్న చౌకగా అమ్ముడుపోతుండగా చూడవలసిన రైతు పరిస్థితి ఊహించవచ్చు. రెండు లక్షలకు పైబడిన సైనిక బలాన్ని 2030 నాటికి లక్షకు తగ్గిస్తామని ప్రభుత్వం 2023 జనవరిలో ప్రకటించింది. యుద్ధం ముగిసిన దాదాపు పధ్నాలుగేళ్లకు, అదీ ఖజానా ఖాళీ అయిన మీదట వచ్చిన నిర్ణయమిది.

అప్పు, వల, ఒంటరి మహిళ

యుద్ధానంతర దైనందిన జీవితంలో ఎక్కువ భారం పడినది మహిళలపైన. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో భర్తలను కోల్పోయినవారు దాదాపు 90 వేలమంది ఉంటారన్న అంచనా ఉన్నది. పునరావాసం పేరిట వచ్చిన ధనసహాయం ఇంటి గోడల వద్ద ఆగిపోయింది. జీవనోపాధి వరకు వెళ్లలేదు. ఆ ఖాళీలోకి సూక్ష్మరుణ సంస్థలు ప్రవేశించాయి. వారం వారం వాయిదా వసూలుకు ఇంటి ముందు నిలబడే ఏజెంట్లు, ఒక అప్పు తీర్చేందుకు మరొక అప్పు, చివరకు ఆత్మహత్యలు. 2010లో ఇటువంటి పరిణామాలే ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆర్డినెన్సుకు దారితీసిన సంగతి మన పాఠకులకు విదితమే. శ్రీలంకలో 2018లో కరవు జిల్లాల మహిళల సూక్ష్మరుణాలను లక్ష రూపాయల మేరకు మాఫీ చేశారు. ఆదాయమార్గం చూపకుండా అప్పు మాత్రం కొట్టివేస్తే అది మళ్లీ పుడుతుందని తరువాతి సంవత్సరాలు నిరూపించాయి.

సముద్రతీరంలో మరొక చిక్కు ఉన్నది. యుద్ధకాలంలో ఉత్తరాది మత్స్యకారులను సముద్రంలోకి వెళ్లనివ్వలేదు. ఆంక్షలు తొలగి పడవ నీటిలోకి దించేసరికి, తమిళనాడు మరపడవలు అడుగు వలలతో తమ జలాలను ఊడ్చివేస్తుండడం వారు చూశారు. శ్రీలంక 2017లో ఈ తరహా వేటను నిషేధించింది. భారత జాలరుల అరెస్టుల వార్తలు మన పత్రికల్లో తరచుగా వస్తుంటాయి. అవతలి ఒడ్డున నష్టపోతున్నవారు కూడా తమిళ పేదలేనన్న సంగతి ఆ వార్తల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఆచూకీ లేనివారి కోసం

2017 ఫిబ్రవరిలో కిలినొచ్చిలో కొందరు తల్లులు తమ పిల్లల ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన దీక్షకు కూర్చున్నారు. ఉద్యమం వవునియాకు, ఇతర జిల్లాలకు వ్యాపించింది. వారిలో కొందరు యుద్ధం చివరి రోజుల్లో తమ పిల్లలను స్వయంగా సైన్యానికి అప్పగించామని చెబుతున్నారు. దాడుల్లో చనిపోయారనుకుంటే శోకించవచ్చు. అప్పగించిన బిడ్డ ఏమయ్యాడని అడిగితే మాత్రం ఎవరో ఒకరు సమాధానం చెప్పి తీరాలి. 2016 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన గల్లంతైన వ్యక్తుల కార్యాలయం 2018లో పని ప్రారంభించినప్పటికీ ఆ తల్లుల విశ్వాసాన్ని పొందలేకపోయింది. గల్లంతైనవారు నిజానికి మరణించారని 2020 జనవరిలో అధ్యక్షుడు గొటబయ రాజపక్స ఐక్యరాజ్య సమితి ప్రతినిధితో అన్నారు. ఎక్కడ, ఎలా, ఎవరి చేతిలో అన్నది ఆయన చెప్పలేదు.

భూమి మాత్రం అప్పుడప్పుడు మాట్లాడుతున్నది. జాఫ్నా శివార్లలోని చెమ్మణిలో మృతదేహాలను పూడ్చామని ఒక హత్య కేసులో శిక్ష పడిన సైనికుడు 1998లో కోర్టుకు చెప్పగా, మరుసటి ఏడాది జరిపిన తవ్వకాల్లో 15 మృతదేహాల అవశేషాలు బయటపడ్డాయి. 2025లో ఆ ప్రాంతంలోనే జరిగిన తవ్వకాల్లో 200కు పైగా అస్థిపంజరాలు వెలుగుచూశాయి. వాటిలో పసిపిల్లలవి కూడా ఉన్నాయి. ఒక బడిసంచి, ఒక ఆటబొమ్మ దొరికాయి. అయితే ఎముకలు దొరికినంత మాత్రాన నిజం దొరికినట్లు కాదు. మన్నారులో 2018లో బయటపడిన 300కు పైగా అస్థిపంజరాలు 15 నుంచి 17వ శతాబ్దాల నాటివి కావచ్చునని అమెరికాలో జరిపిన పరీక్ష సూచించింది. అందువల్లనే తవ్వకం, పరీక్ష, విచారణ మూడూ ప్రభుత్వంతో సంబంధం లేని నిపుణుల పర్యవేక్షణలో సాగాలన్న కోరిక బలపడుతున్నది.

ఇది తమిళుల వ్యథ మాత్రమే కాదు. 1987-89 మధ్య జనతా విముక్తి పెరమున తిరుగుబాటును అణచివేసిన కాలంలో దక్షిణాదిన వేలాది సింహళ యువకులు ఇలాగే అదృశ్యమయ్యారు. మధ్య శ్రీలంకలోని మాతలేలో 2012-13లో 150కి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. అదృశ్యమైన సింహళ యువకుల వివరాలు పట్టుకుని 1990లో జెనీవాకు బయలుదేరిన ప్రతిపక్ష పార్లమెంటు సభ్యుడు మరెవరో కాదు, మహింద రాజపక్స. అధ్యక్షుడైన తరువాత అదే జెనీవాలో అదే ప్రశ్న తమిళ తల్లులు వేయగా ఆయన ప్రభుత్వం దానిని విదేశీ జోక్యమని కొట్టివేసింది.

బోధివృక్షం నీడలో

లంకలో మతం ప్రజలను కలుపుతున్నది, విడదీస్తున్నది కూడా. శ్రీపాద శిఖరాన్ని బౌద్ధులు, హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసి అధిరోహిస్తారు. మడు మాత చర్చికి, కదిరగామం ఆలయానికి అన్ని జాతులవారూ వస్తారు. యుద్ధం తరువాత నల్లూరు కందస్వామి ఉత్సవాలు 25 రోజులూ పూర్వవైభవంతో సాగుతున్నాయి. సామాన్యుల భక్తికి సరిహద్దులు లేవు. సరిహద్దులు గీస్తున్నది రాజకీయం.

ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పురాతన బౌద్ధ శిథిలాలు దొరికిన ప్రతిచోటా ఆ భూమిపై హక్కు వివాదంగా మారుతున్నది. తూర్పు రాష్ట్రంలోని పురావస్తు స్థలాల కోసం 2020లో అధ్యక్షుడు నియమించిన కార్యదళంలో తొలుత ఒక్క తమిళుడు గాని, ముస్లిం గాని లేరు. ముల్లైత్తీవు జిల్లా కురుందూర్‌మలై వివాదాన్ని విచారించిన న్యాయమూర్తి బెదిరింపులు వస్తున్నాయంటూ 2023 సెప్టెంబరులో రాజీనామా చేసి దేశం విడిచి వెళ్లారు. జాఫ్నా జిల్లా తయ్యిట్టిలో సైన్యం తోడ్పాటుతో వెలసిన విహారం తమ సొంత స్థలంలో ఉన్నదని యజమానులు నిరసన తెలుపుతున్నారు.

చరిత్ర ఈ వాదానికి అంతగా అనుకూలించదు. ఒకప్పుడు తమిళుల్లోనూ బౌద్ధులు ఉండేవారు. బౌద్ధ శిథిలం దొరికితే అది సింహళ గ్రామమే కానక్కరలేదు. మన నాగార్జునకొండలో మూడవ శతాబ్దపు శాసనం సింహళ విహారాన్ని పేర్కొంటున్నది. అంత మాత్రాన కృష్ణా తీరం సింహళీయులది కాలేదు. ఆ విహారం ఇక్కడివారి ఔదార్యానికి, అక్కడివారి భక్తికి సాక్ష్యంగా నిలిచింది.

యుద్ధం ముగిశాక కొత్త లక్ష్యంగా ముస్లింలు కనిపించారు. 2014లో అళుత్‌గమలో, 2018లో దిగనలో వారి ఇళ్లు, దుకాణాలు తగులబడ్డాయి. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాడు ఒక ఇస్లామిక్ ఉగ్రవాద బృందం చర్చిలు, హోటళ్లపై జరిపిన ఆత్మాహుతి దాడుల్లో 260 మందికి పైగా మరణించారు. భారత్ ముందుగానే హెచ్చరించినా చర్య తీసుకోలేదన్న కారణంపై మాజీ అధ్యక్షుడు సిరిసేన పది కోట్ల రూపాయల పరిహారం చెల్లించాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొవిడ్ కాలంలో ముస్లింల మృతదేహాలను సైతం బలవంతంగా దహనం చేయించిన ప్రభుత్వ విధానం 2021 ఫిబ్రవరి వరకు కొనసాగింది. 2024 జూలైలో మంత్రివర్గం అందుకు క్షమాపణ కోరింది.

ఆకలి నేర్పిన పాఠం

విజయోత్సాహం ఎంతకాలమైనా ఓట్లు తెస్తుందన్న నమ్మకం 2022లో తారుమారైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో 5,100 కోట్ల డాలర్ల విదేశీ రుణాన్ని చెల్లించలేనని శ్రీలంక చేతులెత్తేసింది. సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది. పెట్రోలు, వంటగ్యాసు కోసం రోజుల తరబడి క్యూలు. భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల మేరకు ఆదుకున్నది. జూలైలో ప్రజలు అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోగా యుద్ధ విజేతగా పేరొందిన గొటబయ దేశం విడిచి పారిపోయి రాజీనామా పంపారు. ఆ ఏడాది మే 18న కొలంబో సాగరతీరాన ఉద్యమకారులు ముల్లివాయ్‌క్కాల్ మృతులకు నివాళులర్పించి అదే గంజిని పంచుకున్నారు. ఆ గుంపులో సింహళ యువతీయువకులు కూడా ఉన్నారు.

2024 సెప్టెంబరులో జనతా విముక్తి పెరమున నాయకుడు అనుర కుమార దిసనాయకె అధ్యక్షుడయ్యారు. నవంబరు ఎన్నికల్లో ఆయన నాయకత్వంలోని జాతీయ జనశక్తి 225 స్థానాలకు గాను 159 గెలుచుకున్నది. దక్షిణాది పార్టీ ఒకటి జాఫ్నా జిల్లాలో ఆరింట మూడు స్థానాలతో ముందు నిలవడం అపూర్వం. భారత్-లంక ఒప్పందాన్ని తీవ్రంగా వ్యతిరేకించి, ఉత్తర, తూర్పు రాష్ట్రాలను విడదీయాలని కోర్టుకు వెళ్లి 2006లో నెగ్గిన పార్టీకి తమిళులు ఓటు వేయడం విశేషం. ఆ ఓటు షరతులతో కూడినది. 2025 మార్చిలో ఉత్తరాదిన దాదాపు ఆరు వేల ఎకరాలకు హక్కు నిరూపించుకోవాలని ప్రభుత్వం గెజిట్ ప్రకటన జారీ చేయడంతో, యుద్ధంలో దస్తావేజులు పోగొట్టుకున్నవారిలో మళ్లీ భయం పుట్టింది. తీవ్ర వ్యతిరేకత వచ్చిన మీదట ఆ ప్రకటన ఉపసంహరణ అయింది. ఈలోగా మేలో జరిగిన స్థానిక ఎన్నికల్లో ఉత్తరాది ఓటరు అనేక చోట్ల తమిళ పార్టీల వైపు తిరిగి మొగ్గాడు.

1987 ఒప్పందం ఫలితంగా వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ రాష్ట్ర మండలులకు భూమి, పోలీసు అధికారాలను కాగితంపై ఇచ్చింది. ఉత్తర రాష్ట్ర మండలికి తొలి ఎన్నికలు 2013లో గాని జరగలేదు. 2018లో దాని గడువు ముగిసిన తరువాత 2025 చివరి వరకూ మళ్లీ ఎన్నికలే లేవు. పార్లమెంటులో మూడింట రెండు వంతుల బలం ఉన్న ప్రభుత్వానికి వీలుపడదన్న సాకు చెల్లదు. సైనిక శిబిరాల్లోని ప్రైవేటు భూములను అప్పగించడం, చెమ్మణి వంటి చోట్ల నిష్పాక్షిక విచారణ జరిపించడం, మే నెలలో గంజి కాచేవారి జోలికి పోవద్దని పోలీసులకు ఆదేశాలివ్వడం ఒక్క సంతకంతో ఆరంభించగల పనులే. 1980 దశకంలో సహచరులనెందరినో పోగొట్టుకున్న పార్టీ నాయకుడు అధ్యక్ష పీఠంపై ఉన్నారు. ఆచూకీ తెలియని బిడ్డ కోసం ఎదురుచూడడం ఎలా ఉంటుందో ఆయనకు మరొకరు వివరించనక్కరలేదు.

కాలం మాత్రం ఎవరి సౌకర్యం కోసమూ ఆగదు. 2017లో కిలినొచ్చి రోడ్డు పక్కన కూర్చున్న తల్లుల్లో పలువురు సమాధానం వినకుండానే కన్నుమూశారు. మిగిలినవారు వృద్ధులు. నిజం ఎప్పటికైనా బయటపడవచ్చు. అప్పటికి దానిని వినవలసినవారు ఎందరు మిగులుతారన్నదే ఇప్పుడు కొలంబో ముందున్న ప్రశ్న.